షెల్టర్ నుంచి తెచ్చుకున్న భయస్తురాలైన కుక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లకు కుక్క కొత్త కాదు. అరుగు మీద పడుకుని, పెట్టిన చద్దన్నం తిని, రాత్రిళ్లు వీధికంతటికీ కాపలా కాసే కుక్కను అందరూ ఎరుగుదురు. షెల్టర్ నుంచి తెచ్చుకున్న కుక్క, అందులోనూ మనిషి చెయ్యి ఎత్తితే చాలు నేలకు కరుచుకుపోయే కుక్క, అలా రెండు రోజుల్లో ఇంటిలో కలిసిపోదు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు కుటుంబాలు ఇటువంటి కుక్కల గురించి అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. వీటన్నిటికీ మూలం ఒకటే: దగ్గరికి రావాలా వద్దా అన్న నిర్ణయాన్ని కుక్కకే వదిలిపెట్టాలి, ఆ నిర్ణయం దానికి సులువయ్యేలా చూడటమే మన పని.

అంత భయపడే కుక్కను అసలు తీసుకోవచ్చా? మాకు చేతనవుతుందా?

ఇంట్లో ఓపిక ఉన్న మనిషి ఒక్కరైనా ఉండి, మొదటి కొన్ని వారాలు పెళ్లిళ్లు, బంధువుల రాకపోకలు, ఇంటి మరమ్మతులు లేకుండా ఉంటే తప్పకుండా తీసుకోవచ్చు. ఇల్లు పెద్దదై ఉండనవసరం లేదు. రెండు గదుల అద్దె ఇంట్లో కూడా ఎవరూ తిరగని ఒక మూల దొరికితే చాలు. అయితే కాపలా కోసం కుక్క కావాలనుకునేవారు, ఒక నెల తిరిగేలోగా అది పిల్లలతో ఆడుకోవాలని ఆశించేవారు ఇటువంటి కుక్కను తీసుకోకపోవడమే మంచిదని నా దృఢమైన అభిప్రాయం. అది ఆ కుటుంబానికీ కుక్కకూ కూడా కష్టమే తెచ్చిపెడుతుంది.

ఎవరో బాగా కొట్టి ఉంటారు, అందుకే ఇంత భయం, అని అందరూ అంటున్నారు. నిజమేనా?

కొన్నిసార్లు నిజమే, చాలాసార్లు కాకపోవచ్చు. కుక్కపిల్లకు మూడో వారం నుంచి ఇంచుమించు పద్నాలుగో వారం వరకు లోకాన్ని పరిచయం చేసుకునే కాలం. ఆ రోజుల్లో మనుషుల చేతులు, ఇంటి చప్పుళ్లు, వాహనాలు మంచి అనుభవంతో కలిసి ఎదురైతే అవి దానికి మామూలు విషయాలవుతాయి. ఆ కాలమంతా ఏ తూములోనో, మనుషులు రాని గోదాము వెనకో గడిస్తే, ఎవరూ కొట్టకపోయినా మనిషి దానికి అపరిచిత జంతువుగానే మిగులుతాడు. పుట్టుకతో వచ్చే పిరికితనం కూడా ఉంటుంది. అందుకని దాని గతాన్ని ఊహించి బాధపడటం కన్నా, ఇప్పుడు దేనికి భయపడుతోందో, ఎంత దూరం నుంచి భయపడుతోందో గమనించడం ఎక్కువ ఉపయోగం.

షెల్టర్ వారిని ఏమేమి అడిగి తెలుసుకోవాలి?

రేబిస్ టీకా వేశారా, డిస్టెంపర్, పార్వో వంటి జబ్బులకు టీకా వేశారా, పురుగుల మందు ఎప్పుడు వేశారు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందా అన్నవి మొదట అడిగి, టీకా కార్డు తీసుకోవాలి. చెవి కొస మీద చిన్న గాటు ఉంటే అది గాయం కాదు. ఆపరేషన్ అయిన వీధికుక్కలకు గుర్తుగా అలా చేస్తారు. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు కూడా ఆ పద్ధతినే చెబుతున్నాయి. తరువాత, ఏ మనిషి పెడితే తింటుంది, ఏ కుక్క పక్కన పడుకుంటుంది, దాన్ని ఏమని పిలుస్తారు అన్నవి అడగాలి. దాని పాత గోనెపట్టా ఒకటి ఉతకకుండా అడిగి తెచ్చుకోండి. కొత్త ఇంట్లో దానికి తెలిసిన వాసన అదొక్కటే.

మొదటి రోజు ఏం చేయాలి?

వీలైనంత తక్కువ చేయాలి. ఆటోలో గానీ కారులో గానీ నేరుగా ఇంటికి తేవాలి, దారిలో చుట్టాలకు చూపించడం వద్దు. మెడకు బెల్టు, ఒంటికి హార్నెస్ (ఛాతీని చుట్టి కట్టే పట్టీలు) రెండూ వేసి, రెంటికీ తాడు కట్టి దించాలి. భయపడిన కుక్క వెనక్కి గుంజి తల దించిందంటే వదులుగా ఉన్న బెల్టు చెవుల మీదుగా జారిపోవడానికి ఒక్క క్షణం చాలు. ఇంటికి తెచ్చిన కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా వాకిట్లోనే. ఇంట్లోకి వచ్చాక ముందే సిద్ధం చేసిన మూలకు తీసుకెళ్లి, నీళ్లు పెట్టి, పక్కకు తప్పుకోవాలి. ఆ రోజు స్నానం చేయించవద్దు. ఫొటోలు, హారతులు, పక్కింటి పిల్లలు అన్నీ తరువాత.

మంచం కింద దూరింది. రావడం లేదు, తినడం లేదు. లాగి బయటకు తీయాలా?

లాగవద్దు. ఆ మంచం కింద చోటే ప్రస్తుతానికి దాని ఇల్లు. అక్కడ అది సురక్షితంగా ఉన్నంతసేపూ మనల్ని చూడటం, మన మాటలు వినడం, వంటింటి వాసనలు పట్టడం నేర్చుకుంటూనే ఉంటుంది. లాగి తీస్తే దానికి మిగిలిన ఒక్క చోటు కూడా నమ్మదగినది కాదని తేలిపోతుంది. గిన్నె మంచానికి దగ్గరగా పెట్టి గదిలోంచి వెళ్లిపోండి. చాలా కుక్కలు మొదటి ఒకటి రెండు రోజులు పగలు ముట్టవు, ఇల్లు సద్దుమణిగాక రాత్రి తింటాయి. నీళ్లు కూడా ముట్టకపోయినా, రెండు రోజులు దాటినా ఏమీ తినకపోయినా, వాంతులు, విరేచనాలు ఉన్నా పశువైద్యుడికి చూపించాలి. పిల్ల కుక్కయితే అంత ఆగకూడదు.

తరువాతి మెట్టు చాలా చిన్నది. గోడకు ఆనుకుని నేల మీద పక్కకు తిరిగి కూర్చుని, దాని వైపు చూడకుండా, ఏ పత్రికో చదువుకుంటూ, ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి దానికీ మీకూ మధ్య పడేయండి. మా ఇంట్లో ఉన్న గోధుమరంగు ఆడకుక్క మొదటిసారి ముక్క అందుకున్నప్పుడు వెనక కాళ్లు రెండూ మంచం కోడు దగ్గరే బిగపట్టి, ముందు కాళ్లు, మెడ సాగినంత సాచి, నాలుక కొసతో ముక్కను లాక్కుని ఒక్క ఊపున లోపలికి పోయింది. ఇలా వెనక కాళ్లు కదలకుండా సాగిన కుక్క ఇంకా పారిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టే లెక్క. అప్పుడు చెయ్యి చాపితే నాలుగు రోజుల కష్టం వృథా అవుతుంది. వెనక కాళ్లు కూడా ముందుకు వేసి, తిన్నాక అక్కడే నిలబడి మీ వైపు చూస్తే అది వేరే కబురు.

భయపడుతున్నప్పుడు దగ్గరకు తీసి ఓదారిస్తే భయం ఇంకా పెరుగుతుందంటారు కదా?

పెరగదు. భయం ఒక భావం. కూర్చో అంటే కూర్చున్నందుకు బిస్కెట్టు పెడితే కూర్చోవడం అలవాటైనట్టు, భయపడినప్పుడు నిమిరితే భయపడటం అలవాటు కాదు. అయితే ఓదార్పును అది కోరుకోవాలి. ఉరుముకి బెదిరి తానుగా వచ్చి మీ కాళ్ల దగ్గర చుట్టుకుంటే నెమ్మదిగా నిమరండి. దూరంగా నక్కిన కుక్కను ఒడిలోకి లాక్కుని బుజ్జగిస్తే దానికి అది ఓదార్పు కాదు, బంధించడం.

అది భయపడుతోందని ఎలా తెలుస్తుంది?

తోక కాళ్ల మధ్య దూర్చడం, వణకడం అందరికీ తెలిసినవే. అంతకు ముందు వచ్చే చిన్న గుర్తులను పట్టుకోవాలి. తిండి ఎదురుగా లేకపోయినా పెదవులు నాకడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, తల పక్కకు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, చెవులు తలకు అంటుకునేలా వెనక్కి వాల్చడం, ఒక ముందు కాలు ఎత్తి ఉంచడం, ఎండ లేకపోయినా రొప్పడం ఇవన్నీ ‘ఇక చాలు’ అని చెప్పే తీరులే. అన్నిటికన్నా ఎక్కువగా పొరపడేది కదలకుండా ఉండిపోవడం దగ్గర. ఎత్తుకున్నా, స్నానం చేయించినా బొమ్మలా ఉండిపోయే కుక్కను చూసి ‘ఎంత బుద్ధిమంతురాలో’ అంటారు. చాలాసార్లు అది బుద్ధి కాదు, భయంతో కొయ్యబారిపోవడం.

గుర్రుమంటే ఒక దెబ్బ వేయాలా?

వద్దు. గుర్రుమనడం కరవడానికి ముందు ఇచ్చే హెచ్చరిక, ఒక రకంగా మర్యాద. దెబ్బలతో దాన్ని మాన్పిస్తే భయం తగ్గదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. ఆ తరువాత కుక్క చప్పుడు చేయకుండా నేరుగా కరుస్తుంది. గుర్రుమన్న వెంటనే ఆగి, వెనక్కి తగ్గి, ఏం చేయబోతే అలా అన్నదో గుర్తుపెట్టుకోండి.

చీపురు పట్టుకుంటే పరుగు, కర్ర చూస్తే పరుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషిని చూస్తే మూత్రం పోస్తోంది. ఈ భయం ఎలా పోగొట్టాలి?

ఇక్కడ అలవాటు చేయడం పేరుతో పెద్ద పొరపాట్లు జరుగుతాయి. చీపురును కుక్క ముఖం ముందు ఆడించి ‘చూడు, ఏం చేయదు’ అనడం, సంతలో కట్టేసి ‘జనం అలవాటవుతారు’ అనడం భయాన్ని ముదరబెడతాయి. పారిపోయే దారి లేని చోట భయాన్ని కుమ్మరిస్తే కుక్క నేర్చుకునేది ఒక్కటే: తప్పించుకోవడం కుదరదని.

సరైన దారికి రెండు భాగాలు ఉన్నాయి. మొదటిది దూరం. చీపురు కనిపిస్తున్నా కుక్క ఇంకా తినగలుగుతున్న దూరం ఎంతో కనుక్కోవాలి. ఎదుట ఇష్టమైన ముక్క ఉన్నా ముట్టడం లేదంటే మనం హద్దు దాటినట్టే, వెనక్కి జరగాలి. రెండోది వరుస. చీపురు ముందు కనిపించాలి, వెంటనే ముక్క రావాలి. చీపురు పోగానే ముక్కలు కూడా ఆగాలి. గంట మోగితే తిండి వస్తుందని కుక్క నేర్చుకున్నట్టే, చీపురు వస్తే కోడిమాంసం వస్తుందని ఇది నేర్చుకుంటుంది. వరుస తిరగబడితే, అంటే ముక్క చూపించి దగ్గరకు పిలిచి అప్పుడు చీపురు తీస్తే, ముక్కను చూసినా భయపడటం మొదలవుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మొదట చీపురు వసారా చివర గోడకు ఆనించి ఉంటుంది, ఎవరూ పట్టుకోరు. కుక్క దాన్ని చూస్తుంది, ముక్క పడుతుంది. కొన్ని రోజులకు చీపురును చూడగానే, భయపడటానికి బదులు ‘ఏది నా ముక్క’ అన్నట్టు మీ ముఖం వైపు తిరుగుతుంది. ఆ చూపు వచ్చాకే తరువాతి మెట్టు: ఒకరు చీపురును చేతితో ముట్టుకుని వదిలేస్తారు. ఆ తరువాత ఎత్తుతారు. తరువాత నేల మీద ఒక్కసారి ఊడుస్తారు. ఒకసారికి రెండు మూడు నిమిషాలు మించకూడదు. ఈలోగా రోజువారీ ఊడవడం కుక్క వేరే గదిలో ఉన్నప్పుడే జరగాలి. పొద్దున నేర్పింది సాయంత్రం చెరిగిపోతే ఎన్నాళ్లు చేసినా ముందుకు సాగదు. హెల్మెట్ విషయంలోనూ ఇదే పద్ధతి. బండి దిగిన మనిషి గేటు బయటే హెల్మెట్ తీసి లోపలికి రావడం మొదటి రోజు నుంచే చేయదగ్గ పని.

ఏం పెట్టాలి?

షెల్టర్‌లో తిన్నదే మొదటి వారం పెట్టి, తరువాత నెమ్మదిగా మార్చండి. మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, పడితే కొంచెం పెరుగు సరిపోతాయి; అన్నం ఒక్కటే పెడితే మాంసకృత్తులు చాలవు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. ఉడికిన ఎముక చీలి గొంతులో గానీ పేగుల్లో గానీ గుచ్చుకుంటుంది.

గొలుసుతో కట్టేయవచ్చా?

భయపడే కుక్కను కట్టేస్తే దానికి దూరంగా పోయే దారి మూసినట్టే. పోవడానికి దారి లేని కుక్క ఎదురు తిరుగుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కూడా మరీ పొట్టి గొలుసుతో గానీ బరువైన గొలుసుతో గానీ చాలాసేపు కట్టి ఉంచడాన్ని, ఎప్పుడూ కట్టే ఉంచిన కుక్కను నడిపించకపోవడాన్ని హింసగానే లెక్కిస్తుంది. తలుపులున్న గది, గోడ ఉన్న పెరడు గొలుసు కన్నా మేలు.

మా అత్తగారికి మడి, ఆచారం ఉన్నాయి. కుక్క ఇంట్లో తిరగడం ఆవిడకు ఇష్టం లేదు.

ఆవిడ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. ఇంట్లో రోజూ ఈ విషయమై గొంతులు లేస్తుంటే కుక్క ఎన్నటికీ కుదుటపడదు. పూజగది, వంటిల్లు వైపు చిన్న అడ్డు తలుపు పెట్టి, కుక్కకు వసారా, పెరటి వైపు గది కేటాయిస్తే ఇద్దరికీ ఊరట. ఇందులో కుక్కకు లోటేమీ లేదు. తన చోటు ఇంతవరకూ అని స్పష్టంగా తెలిసిన కుక్క త్వరగా స్థిమితపడుతుంది. పిలవకుండా, ముట్టుకోకుండా తన పని తాను చేసుకుపోయే పెద్దావిడ దగ్గరకే భయపడే కుక్క ముందుగా చేరడం చాలా ఇళ్లలో జరిగే విషయం. అది కోరుకునే మర్యాద అదే మరి.

పిల్లలు ఉన్నారు. ఏం జాగ్రత్తలు?

పదేళ్లలోపు పిల్లలను, కుక్కను పెద్దవారు లేకుండా ఒకే గదిలో వదలకూడదు. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు, మంచం కింద ఉన్నప్పుడు దాని దగ్గరకు వెళ్లకూడదని, కౌగిలించుకోకూడదని పిల్లలకు ముందే చెప్పాలి. ముక్కను చేత్తో అందించడం కాకుండా నేల మీద వేయడం నేర్పితే పిల్లలకు కూడా ఇందులో భాగం ఉంటుంది.

షెల్టర్‌లో అందరూ ఒడియాలో పిలిచేవారు, మా ఇంట్లో తెలుగు. అయోమయపడదా?

పడదు. షెల్టర్‌లో అలవాటైన పిలుపు ఒకటి రెండు ఉంటే మొదట్లో అవే వాడండి, తెలుగు మాట పక్కన చేర్చుకుంటూ రండి. ఇంట్లో అందరూ ఒక పనికి ఒకే మాట వాడటం, గొంతు పెంచకపోవడం ముఖ్యం.

దీపావళికి, ఠాకురాణీ యాత్రకు ఏం చేయాలి?

బరంపురంలో రెండేళ్లకొకసారి బుఢీ ఠాకురాణీ అమ్మవారి యాత్ర జరిగినప్పుడు వారాల తరబడి డప్పులు, పులివేషాలు సందు సందూ తిరుగుతాయి. దీపావళి ఒక్క రాత్రితో పోతుంది, ఇది పోదు. ఆ ఏడు ముందుగానే ఇంటి మధ్యలో, వీధికి దూరంగా ఉన్న గదిలో పరుపు వేసి, కిటికీలకు మందపాటి దుప్పట్లు కట్టి, అక్కడే తిండి పెట్టడం అలవాటు చేయాలి. ఫ్యాను, రేడియో చప్పుడు బయటి మోతను కొంత కప్పుతుంది. ఊరేగింపు వేళలు తెలుసుకుని, దానికి ముందే బయటకు తిప్పి తీసుకురావాలి. ఏ వేషమూ గుమ్మం ఎక్కకుండా ముందే నమస్కారం పెట్టి దక్షిణ బయటే ఇచ్చేయడం మంచిది.

మోతలకు ఒళ్లు తెలియకుండా వణికిపోయే కుక్కలకు పశువైద్యుడిని పండగకు పది, పదిహేను రోజుల ముందే కలవండి. భయాన్ని నిజంగా తగ్గించే మందులు ఉన్నాయి. ఎసిప్రోమజిన్ అనే మత్తుమందు ఒక్కటే ఇస్తే మాత్రం ఒంటిని మత్తుగా పడేస్తుందే తప్ప లోపలి భయాన్ని తగ్గించదు. ఆ సంగతి వైద్యుడితో మాట్లాడండి. మన మందుల డబ్బాలోని మాత్రలేవీ ఇవ్వకూడదు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కలకు ప్రమాదం.

రోజువారీ భయానికి కూడా మందులు వాడవచ్చా?

వాడవచ్చు, అందులో తప్పేమీ లేదు. నెలలు గడిచినా కుక్క తినడానికి, నిద్రపోవడానికి కూడా భయపడుతుంటే ఫ్లూఆక్సెటిన్ వంటి మందును వైద్యుడు సూచించవచ్చు. దాని ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతకన్నా ముందు రక్తపరీక్ష చేయించండి. మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే జ్వరం చాలా ఎక్కువ. మూలన నక్కి, తినకుండా, ముట్టుకుంటే విదిలించుకునే కుక్కకు ఉన్నది భయమే అనుకుంటాం, తీరా చూస్తే ఆ జ్వరంతో రక్తం తగ్గి చిగుళ్లు పాలిపోయి ఉంటాయి. చెవి నొప్పి, కీళ్ల నొప్పి కూడా అచ్చం భయంలాగే కనిపిస్తాయి.

కరిచింది. ఇప్పుడేం చేయాలి?

గాయాన్ని వెంటనే ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. సున్నం, కారం, పసుపు, ఆకు పసర్లు పెట్టవద్దు, కట్టు కట్టవద్దు. కుక్కకు టీకా వేసి ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు మోతాదులు ఉంటాయి. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు రక్షణనిచ్చే మందు) అవసరమా అని అడగాలి. కుక్కను 10 రోజులు గమనించాలి గానీ, ఆ 10 రోజులు చూసి టీకా మొదలుపెడదామనుకోకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం నిలబడటం దాదాపు అసాధ్యం.

తుఫాను వస్తే?

2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్‌ను, 2018 అక్టోబరులో గజపతి జిల్లాను అతలాకుతలం చేసిన తిత్లీని చూసినవారికి దీని అవసరం చెప్పనక్కరలేదు. టీకా కార్డు, ఫొటో, అదనపు తాడు, మూడు రోజుల తిండి ఒక ప్లాస్టిక్ సంచిలో ఉంచండి. బుట్టలో గానీ క్రేట్‌లో (తలుపున్న పెట్టెలో) గానీ తానుగా ఎక్కి పడుకోవడం మంచి రోజుల్లోనే నేర్పాలి. గాలి మొదలయ్యాక నేర్పడం సాధ్యం కాదు. ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు దాన్ని కట్టేసి మాత్రం పోవద్దు.

పూర్తిగా అలవాటు కావడానికి ఎంతకాలం పడుతుంది?

మూడు రోజులకు ఊపిరి పీల్చుకుంటుంది, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుసుకుంటుంది, మూడు నెలలకు మనది అవుతుంది అని షెల్టర్ వారు చెబుతారు. అది మామూలు కుక్కలకు చెప్పే ఉజ్జాయింపు. బాగా భయపడే కుక్కకు ఏడాది పట్టవచ్చు, కొన్ని భయాలు జీవితాంతం మిగలవచ్చు. కొత్తవారు వస్తే లోపలి గదిలోకి వెళ్లి, వారు పోయాక వచ్చి తోక ఊపే కుక్క కూడా సుఖంగానే ఉన్నట్టు. దాన్ని అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చే కుక్కగా మార్చాలన్న పంతం ఎందుకు?

మావల్ల కాదనిపిస్తే వీధిలో వదిలేయవచ్చా?

వదలకూడదు. తెలియని వీధిలో అక్కడి కుక్కలు దాన్ని బతకనివ్వవు. వీధికుక్కను దత్తత తీసుకున్నవారు అది మళ్లీ వీధిలోకి చేరకుండా చూడవలసిన బాధ్యత వారిదేనని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. తీసుకున్న షెల్టర్‌తోనే మాట్లాడండి. అందులో సిగ్గుపడవలసింది లేదు.

గేటు తీసి ఉండగా పారిపోయింది. ఎలా వెతకాలి?

వెంటపడవద్దు, గుంపుగా పేరు పెట్టి అరవవద్దు. భయపడిన కుక్క తన యజమానినైనా పోల్చుకోకుండా పరిగెడుతుంది. పారిపోయిన చోటే దాని పరుపు, మీరు కట్టి విడిచిన బట్ట, వాసన వచ్చే తిండి పెట్టండి. కనిపించినవారు పట్టుకోవడానికి ప్రయత్నించకుండా ఫోన్ మాత్రం చేయాలని ఇరుగుపొరుగుకు, పాలవాళ్లకు, ఆటోవాళ్లకు ఒడియాలోనూ తెలుగులోనూ చెప్పండి. ఇటువంటి కుక్కలు ఎక్కువగా రాత్రి పొద్దుపోయాక, తెల్లవారుజామున కదులుతాయి. ఆ వేళల్లో ఇద్దరు మించకుండా వెళ్లండి. కనిపిస్తే నిలబడి చూడకుండా పక్కకు తిరిగి నేల మీద కూర్చుని ముక్కలు వేయండి. ఇంటికి చేరాక తిట్టకండి, హార్నెస్ కొలత సరిచూసుకోండి, మొదటి వారం నియమాలను మరో నాలుగు రోజులు పాటించండి.